టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆటలు: పుట్టుక, ఆడే తీరు, నడిపే తీరు

టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆట అంటే నలుగురైదుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుని మాటలతో నడిపే కథ. ఒకరు తప్ప మిగిలినవారంతా తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఆ ఒక్కరి వంతుకు లోకమంతా వస్తుంది. ఊళ్లు, దారులు, వానలు, శత్రువులు, సంతలో ఉల్లిపాయలమ్మే ముసలమ్మ, గుహలో నిద్రపోతున్న డ్రాగన్, అన్నీ ఆ నోటి నుంచే పలకాలి. ఆ వ్యక్తిని డంజియన్ మాస్టర్ అనీ గేమ్ మాస్టర్ అనీ అంటారు. ఆడేవాళ్ల నోట డీఎం, జీఎం. డీఎం పరిస్థితి చెప్పి "ఇప్పుడు ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఆటగాడు తన పాత్ర చేసే పని చెబుతాడు. అవుతుందో కాదో తెలియని పని అయితే పాచిక వేస్తారు. పడిన అంకెను బట్టి కథ ముందుకు కదులుతుంది. ఒకసారి కూర్చుని ఆడేది సెషన్. అవే పాత్రలతో నెలలు, ఏళ్ల తరబడి సాగేది క్యాంపెయిన్. ఒక్క పూటలో ముగిసేది వన్‌షాట్.

చదరంగంలో బంటు శత్రువుతో రాజీ మాట్లాడలేదు. కంప్యూటర్ ఆటలో ప్రోగ్రామర్ పెట్టని తలుపు తెరుచుకోదు. ఇక్కడ మాత్రం నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేని పని చేస్తానని ఆటగాడు అనవచ్చు, దానికి న్యాయంగా జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉంటాడు. ఈ ఆటల చరిత్రంతా, వీటిని నడిపే నేర్పంతా ఆ మనిషి చుట్టూనే తిరుగుతుంది.

చతురంగం నుంచి డంజియన్ దాకా

ఈ ఆటల వంశవృక్షం వేళ్లు మన దేశంలోనే ఉన్నాయి. ఆరో శతాబ్దం నాటికి ఇక్కడ ఆడుతున్న చతురంగం పర్షియా మీదుగా యూరప్ చేరి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే గణిత ఆచార్యుడు ఆ బల్లను బాగా పెంచి, గడులకు కొండ, నది, చిత్తడి అంటూ రంగులు వేసి, సైనిక విద్యార్థులకు పనికొచ్చే యుద్ధక్రీడ తయారుచేశాడు. 1812లో ప్రష్యాకు చెందిన రైస్‌విట్జ్ తన ఆటను రాజుగారి ముందు పెట్టాడు. 1824లో ఆయన కొడుకు దాన్ని అసలైన మ్యాపుల మీద ఆడేలా తీర్చిదిద్దాడు. దాని పేరు క్రీగ్‌ష్పీల్.

చదరంగానికి లేనిదొకటి క్రీగ్‌ష్పీల్‌లో వచ్చి చేరింది. రెండు పక్షాల సేనానులూ తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇస్తారు. ఎవరి సేన ఎక్కడుందో పూర్తిగా తెలిసింది మధ్యవర్తికే. పొగమంచులో ఎవరికి ఎంత కనిపిస్తుందో ఆయనే చెబుతాడు, పాచిక వేసి కాల్పుల నష్టం ఆయనే లెక్కగడతాడు. అయితే లెక్కల పట్టికలు పెరిగి ఆట నత్తనడక పట్టింది. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే సేనాని పట్టికలు పక్కన పెట్టమన్నాడు. అనుభవమున్న అధికారి మధ్యవర్తిగా కూర్చుంటే ఆయన విచక్షణే చాలునని ఆయన వాదన. నిబంధన ముఖ్యమా, మధ్యవర్తి తీర్పు ముఖ్యమా అన్న ఆ తగవు ఈనాటి డీఎంల మధ్యా యథాతథంగా నడుస్తోంది.

అమెరికాలో 1880లో చార్లెస్ టాటెన్ రాసిన స్ట్రాటెగోస్ అనే యుద్ధక్రీడా గ్రంథం దాదాపు ఒక శతాబ్దం తర్వాత మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడి కంటబడింది. ఆటగాడు ఏ పనైనా తలపెట్టవచ్చు, ఫలితం మధ్యవర్తి తేలుస్తాడు అన్న సూత్రం ఆయన్ని ఆకట్టుకుంది. 1969లో ఆయన బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణాన్ని సృష్టించి, ఒకరిని మేయర్‌ని చేసి, ఇంకొకరికి బ్యాంకరు వేషం ఇచ్చి, మరొకరిని విశ్వవిద్యాలయాధిపతిగా నిలబెట్టాడు. అసలు యుద్ధం తర్వాత మొదలవుతుందనుకున్నాడు. ఆటగాళ్లు మాత్రం ఒకరి మీద ఒకరు కుట్రలు పన్నడంలో మునిగిపోయి యుద్ధం ఊసే మరిచారు. ఆట తన చేయి దాటి పాడైందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్లు మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

వాళ్లలో డేవ్ ఆర్నెసన్ ఒకరు. ఆయన 1971లో బ్లాక్‌మూర్ అనే లోకాన్ని మొదలుపెట్టాడు: ఒక కోట, దాని కింద చీకటి సొరంగాలు, ప్రతి ఆటకూ అనుభవం పెరిగి బలపడే పాత్రలు. అదే ఏడాది విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్‌తో కలిసి రాసిన చైన్‌మెయిల్ అనే మధ్యయుగ యుద్ధక్రీడ వెలువడింది. దాని అనుబంధంలో మాంత్రికులు, డ్రాగన్లు ఉండేవి. 1972 చివర్లో ఆర్నెసన్ లేక్ జెనీవా వెళ్లి బ్లాక్‌మూర్ ఆడించాడు. గైగాక్స్ ఆ ఆటను కాగితం మీద పెట్టే పనికి పూనుకున్నాడు. ప్రచురించేవారు దొరక్క 1973లో డాన్ కేతో కలిసి టీఎస్ఆర్ అనే సంస్థ పెట్టాడు. 1974 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బయటికొచ్చింది. చెక్క చారల కాగితం అంటించిన పెట్టె, లోపల మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, మొదటి ముద్రణ 1,000 ప్రతులు.

ఆ మూడు పుస్తకాలు చదివి ఆట అర్థం చేసుకోవడం కష్టం. ఎన్నో సంగతులు చెప్పకుండా వదిలేశారు. ఈ లోపమే ఆటకు మేలు చేసిందని నా అభిప్రాయం. ఖాళీలను ఎవరికి వారు పూరించుకోవాల్సి రావడంతో ప్రతి బల్ల దగ్గరా ఒక కొత్త ఆట పుట్టింది. పుస్తకం అర్థంకాని కెన్ సెయింట్ ఆండ్రే 1975లో తనకు నచ్చినట్టు టన్నెల్స్ అండ్ ట్రోల్స్ రాసుకున్నాడు. 1977లో అంతరిక్షానికి ట్రావెలర్ వచ్చింది. 1978లో రూన్‌క్వెస్ట్, 1981లో కాల్ ఆఫ్ కథుల్హు వచ్చాయి. ఈ రెండోదానిలో పాత్రలు బలపడేది పోయి భయంతో మతి చలించి క్షీణిస్తూ ఉంటాయి. 1991 నాటి వాంపైర్: ద మాస్కరేడ్ రక్తపిశాచుల రాజకీయాలను బల్ల మీదికి తెచ్చింది.

మధ్యలో చెడ్డరోజులూ వచ్చాయి. 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ల విద్యార్థి ఒకరు కనిపించకుండా పోతే, నేలమాళిగల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయాడని పత్రికలు రాశాయి. ఆ కుర్రాడు తీవ్రమైన మనోవేదనలో ఉన్నాడు, ఆటకూ అదృశ్యానికీ సంబంధం లేదు. అయినా 1980లలో అమెరికాలో ఈ ఆట సైతాను పూజ అన్న ప్రచారం పెద్దయెత్తున సాగింది. తర్వాతి కథ చప్పున చెప్పుకోవచ్చు. 1997లో టీఎస్ఆర్‌ను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొన్నది, 1999లో ఆ సంస్థను హాస్‌బ్రో కొన్నది. 2000, 2008, 2014 సంవత్సరాల్లో కొత్త ఎడిషన్లు వచ్చాయి. 2015లో క్రిటికల్ రోల్ పేరుతో డబ్బింగ్ కళాకారులు తమ ఆటను నెట్‌లో ప్రసారం చేయడం, 2016లో స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్ రావడంతో ఆట పేరు భారతీయ యువతకూ తెలిసింది. యాభై ఏళ్లు నిండిన 2024లో నిబంధనలు మళ్లీ సవరించారు.

పాచికల లెక్క

4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు ఈ ఆటకు గుర్తు. పది ముఖాలది తప్పిస్తే మిగిలిన అయిదూ గ్రీకుల కాలం నుంచి తెలిసిన సమ ఘనాకృతులు. ప్రధానమైనది ఇరవై ముఖాల పాచిక. దాని ఎదురెదురు ముఖాల అంకెలు కలిపితే 21.

పాత్రకు బలం, చురుకు, ఓర్పు, బుద్ధి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలు. పాతపద్ధతిలో ఒక్కో గుణానికి మూడు మామూలు పాచికలు వేసి కలుపుతారు. సగటు 10.5 వస్తుంది, 18 పడే అవకాశం 216లో ఒకటి. నేటి పద్ధతిలో గుణాంకం నుంచి 10 తీసి సగం చేస్తే ఆ గుణం ఇచ్చే కలుపుడు అంకె వస్తుంది. 16 ఉంటే +3. ఏదైనా పని చేయాలంటే ఇరవై ముఖాల పాచిక వేసి ఆ అంకె కలపాలి. మొత్తం డీఎం చెప్పిన లక్ష్యాన్ని అందుకుంటే పని అయినట్టు. సులువైన పనికి లక్ష్యం 10, ఓ మోస్తరు పనికి 15, కష్టమైనదానికి 20.

2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్ వేరే దారి పట్టింది. అందులో రెండు మామూలు పాచికలే. మొత్తం 10 గానీ అంతకుమించి గానీ వస్తే పని నెరవేరుతుంది. 7 నుంచి 9 వస్తే నెరవేరుతుంది గానీ మూల్యం చెల్లించాలి. 6 లేదా తక్కువ వస్తే డీఎం కథను ఇంకో మలుపు తిప్పుతారు. ఏమీ కలపకుండా వేస్తే మూల్యంతో కూడిన గెలుపు 36లో 15 సార్లు, నిక్కమైన గెలుపు 6 సార్లు మాత్రమే. కథకు కావలసిన చిక్కులు పాచికే తెచ్చిపెడుతుంది. మొదటిసారి ఆట నడిపేవారికి నేను ఈ పద్ధతినే సూచిస్తాను: పట్టికలు తక్కువ, ప్రతి అంకెకూ ఏదో ఒకటి జరిగితీరుతుంది.

సువాలి తీరంలో ఒక రాత్రి

ఆట నడిచే తీరు వర్ణనతో అర్థం కాదు, చూడాలి. రంగస్థలం కోసం కల్పిత రాజ్యాల దాకా పోనక్కరలేదు. సూరత్ పక్కన తాపీ నది సముద్రంలో కలిసేచోట హజీరా ఉంది. ఇప్పుడక్కడ ఉక్కు కర్మాగారం, ఎరువుల కర్మాగారం, ఎల్ అండ్ టీ యార్డులు, రేవు, గ్యాసు టెర్మినల్ ఉన్నాయి. పక్కనే నల్లటి ఇసుక ఉన్న సువాలి తీరం. ఒడ్డుకూ ఇసుకమేటకూ మధ్య ఓడలు ఆగడానికి వీలైన లోతు ఉండడంతో మొఘల్ కాలంలో సూరత్‌కు వచ్చే పెద్ద ఓడలు ఇక్కడే లంగరు వేసేవి. 1612 నవంబరు చివర ఈ నీళ్లలోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడలు రెండు నాలుగు పోర్చుగీసు యుద్ధనౌకలతో తలపడ్డాయి. పోర్చుగీసు ఓడలు కొన్ని ఇసుకమేట ఎక్కి చిక్కుకుపోయాయి. గెలిచిన కెప్టెన్ థామస్ బెస్ట్ ఓడ పేరు రెడ్ డ్రాగన్. మరుసటి ఏడాది సూరత్‌లో ఇంగ్లీషు వర్తకశాల స్థిరపడింది. ఎర్ర డ్రాగన్ కథలో ఉండాలని కోరే డీఎంకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ చరిత్రలోకి మాయను కొద్దిగా చొప్పిద్దాం. రాత్రి పోటు వెనక్కి తగ్గింది. మేటమీద చిక్కుకున్న పోర్చుగీసు ఓడలో సూరత్ వర్తకుడొకరి దగ్గర లాక్కున్న మంత్రఫలకం ఉంది. పోటు తిరిగి వచ్చేలోగా తేవాలి. పాత్రలు ముగ్గురు: ఆటుపోట్లు తెలిసిన జాలరిపిల్ల, పోర్చుగీసు వచ్చిన లేఖరి, కొత్తగా విద్య నేర్చిన మాంత్రికుడు. డీఎం కాగితం మీద వృత్తం గీసి ఆరు భాగాలు చేస్తాడు. ఆలస్యమైనప్పుడల్లా ఒక భాగం నింపుతాడు. ఆరూ నిండితే సముద్రం వచ్చేసినట్టే. 2017లో జాన్ హార్పర్ రాసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆటతో బాగా ప్రచారంలోకి వచ్చిన ఉపాయమిది.

"మోకాలిలోతు బురద. ఓడ పక్కకి ఒరిగి ఉంది. పైన ఒక లాంతరు అటూ ఇటూ తిరుగుతోంది. ఏం చేస్తారు?"

"అన్నా, లంగరు తాడు వేలాడుతోందా?"

పుస్తకంలో తాడు లేదు. డీఎం రాసుకున్న కాగితంలోనూ లేదు. ఓడకు లంగరు తాడుండడం సహజమే కనుక ఆయన ఒప్పుకుంటాడు. "ఉంది. తడిసి పాచి పట్టింది. ఎక్కాలంటే 15 రావాలి."

జాలరిపిల్లకు బలం వల్ల +3, ఎక్కడంలో నేర్పు వల్ల +2, మొత్తం +5. పాచిక మీద 10 గానీ పైన గానీ పడాలి; అంటే 55 శాతం. "నేను కింద తాడు బిగించి పట్టుకుంటా, అక్కా నువ్వెక్కు," అంటుంది లేఖరి వేషంలో ఉన్న అమ్మాయి. మంచి ఆలోచన కనుక డీఎం రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోమంటాడు. ఇప్పుడు అవకాశం దాదాపు 80 శాతం. పాచికలు వేస్తే 4, 8 పడతాయి. మొత్తం 13. చాలలేదు.

ఆట నిలబడేదీ చతికిలపడేదీ ఈ క్షణంలోనే. "జారి పడ్డావు, మళ్లీ ప్రయత్నించు" అంటే కథ అక్కడే ఆగిపోతుంది, అందరూ పాచికలు వేస్తూ కూర్చుంటారు. డీఎం అలా అనడు: "పైకి చేరావు. కానీ చివర్లో కాలు జారి ఓడ గంటకు తగిలింది. లాంతరు నీ వైపు తిరిగింది. పోర్చుగీసులో ఎవరో అరుస్తున్నారు." వృత్తంలో ఒక భాగం నింపుతాడు. లేఖరి కిందినుంచి పోర్చుగీసులో బదులిస్తానంటుంది, "రేవు నుంచి వైద్యుడిని తెచ్చామని చెబుతా." ఇదీ పుస్తకంలో లేదు. ఓడలో గాయపడినవాళ్లుంటారు కదా అని ఆలోచించిన డీఎం లక్ష్యాన్ని 15 నుంచి 10కి దించుతాడు. పాచిక ఆమె చేతిలో ఉంది, బల్ల చుట్టూ ఎవరూ ఊపిరి తీయరు.

నడిపేవారి పని

కొత్త డీఎంలు సాధారణంగా కథంతా ముందే రాసుకుని వస్తారు. మొదటి అరగంటలోనే ఆటగాళ్లు ఆ కథను విడిచి వేరే దారి పడతారు. వాళ్లను లాక్కొచ్చి మళ్లీ గాడిన పెట్టడం మొదలైతే ఆట చప్పబడిపోతుంది. రాసుకోవలసింది పరిస్థితి: ఎవరికి ఏం కావాలి, ఎవరు దేనికి భయపడతారు, ఎవరూ ఏమీ చేయకపోతే రేపటికి ఏం జరుగుతుంది. సువాలి ఉదాహరణలో కాపలావాడికి జీతం రాలేదనీ, కెప్టెన్‌కు జ్వరమనీ, తెల్లారితే పోటు వస్తుందనీ తెలిస్తే చాలు. ఆటగాళ్లు ఓడ ఎక్కినా, తగలబెడతామన్నా, కాపలావాడికి లంచమిచ్చినా జవాబు ఆ మూడు వాక్యాల్లోంచి వస్తుంది.

మొదటి సెషన్‌కు ముందు అందరూ కలిసి మాట్లాడుకునే సమావేశాన్ని సెషన్ జీరో అంటారు. ఏ తరహా కథ, ఎంత హింస, పాత్ర చచ్చిపోవచ్చా, ఏయే విషయాలు బల్ల మీదికి రాకూడదు, అన్నీ అప్పుడే తేల్చుకోవాలి. రాకూడని సంగతులకు ‘గీతలు’, వచ్చినా తెరచాటున జరగాల్సినవాటికి ‘తెరలు’ అనే పద్ధతి రాన్ ఎడ్వర్డ్స్ పెట్టింది. ఆట మధ్యలో ఎవరికైనా ఇబ్బందైతే కారణం చెప్పకుండా తాకి ఆపగలిగే ఎక్స్ కార్డును జాన్ స్టావ్‌రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చాడు. మన బల్లల దగ్గర ఇవి ఇంకా ఎక్కువ అవసరం. అన్నదమ్ములు, వదినా మరదళ్లు, ఒకే ఆఫీసులో పై అధికారీ ట్రైనీ కలిసి ఆడే చోట "నాకిది వద్దు" అని నోటితో అనడం తేలిక కాదు.

హోదా సంగతి ఇంకాస్త చెప్పాలి. కర్మాగారాల టౌన్‌షిప్‌లో ట్రైనీ డీఎంగా కూర్చుంటే, పగలు తనకు పని చెప్పే మేనేజరుతో సాయంత్రం "సార్, ఆ మంత్రం ఇక్కడ పనిచేయదు" అనాల్సి వస్తుంది. అనగలగాలి కూడా. తీర్పు వెంటనే చెప్పి ఆట సాగనిచ్చి, పుస్తకంలో వెతకడం సెషన్ అయ్యాక పెట్టుకోవడం మంచి ఆచారం. అభ్యంతరం ఎవరిదైనా అప్పుడు వినవచ్చు. ఒక ఆటగాడికి అనుకూలంగా ఇచ్చిన తీర్పే తర్వాత శత్రువుకూ వర్తించాలి. ఈ నిష్పాక్షికత ఒక్కటి ఉంటే మిగతా తప్పులను స్నేహితులు మన్నిస్తారు.

తెలుగులో ఆడితే ఇంకో లాభముంది. లేఖరి మొఘల్ ఉద్యోగితో మాట్లాడేటప్పుడు నువ్వు అందా, మీరు అందా, తమరు అందా అన్నదాంతోనే ఆమె భయం, పొగరు, కులాసా అన్నీ తెలిసిపోతాయి. ఇంగ్లీషులో డీఎం వర్ణించి చెప్పాల్సినది మనకు సంబోధనలోనే దొరుకుతుంది. నిబంధనలు ఇంగ్లీషులో ఉన్నా, పాత్రలు మాత్రం తమ యాసలో మాట్లాడాలి. తెలంగాణ నుంచి వచ్చి మగ్గాల పనిలో స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో చాలా ఉన్నాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలు ఆడే జాలరిపిల్ల తెలుగు, గుజరాతీ, హిందీ కలిపి మాట్లాడితే అది సూరత్ రేవుకు అచ్చంగా సరిపోతుంది.

క్యాంపెయిన్లను చంపేవి డ్రాగన్లు కావు, క్యాలెండర్లు. మూడు షిఫ్టుల్లో రాత్రింబవళ్లు నడిచే హజీరా లాంటి చోట అయిదుగురికీ ఒకే రోజు సెలవు దొరకడం గగనం. అందరూ వస్తేనే ఆడతామంటే ఆట రెండు నెలల్లో ఆగిపోతుంది. రోజు ముందే ఖాయం చేసుకుని, ముగ్గురు వస్తే ఆడేయాలని ఒప్పందం పెట్టుకోవాలి. ప్రతి సెషన్ ఒక సురక్షిత స్థలంలో ముగిస్తే, రానివాళ్ల పాత్రలు సత్రంలో ఆగిపోయాయని సరిపెట్టుకోవచ్చు. 2012లో వచ్చిన రోల్20 వంటి వెబ్‌సైట్ల వల్ల బదిలీ అయిన స్నేహితులు వేరే ఊళ్ల నుంచీ కలుస్తున్నారు. ముఖాముఖి ఆటలోని గోలా నవ్వులూ అక్కడ సగమే దొరుకుతాయి, అయినా ఆగిపోవడం కంటే మేలు.

పులితల రాక్షసుడు

ఈ ఆటలకూ భారతదేశానికీ ఉన్న సంబంధం మొదట్లో సరిగా లేదు. 1975 డిసెంబరులో టీఎస్ఆర్ పత్రిక స్ట్రాటెజిక్ రివ్యూలో రాక్షసుడు ఒక శత్రుజాతిగా వచ్చాడు. గైగాక్స్‌కు ఆ ఊహ ఇచ్చింది రామాయణం కాదు, కోల్చాక్: ద నైట్ స్టాకర్ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోని ఒక కథ. మంత్రించిన బాణం తగిలితే చచ్చే సంగతి అక్కడినుంచే వచ్చింది. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ బొమ్మలో అతనికి పులితల. నేటికీ ఆటలో రాక్షసుడంటే పులితల, అరచేతులు తిరగబడిన మనిషే. మన రావణుడికీ ఘటోత్కచుడికీ అతనితో పోలిక లేదు. 1980లో వచ్చిన డీటీస్ అండ్ డెమీగాడ్స్ పుస్తకం ఇంద్రుడికి, అగ్నికి, విష్ణువుకు ఎన్ని దెబ్బలు తగిలితే చస్తారో అంకెలు ఇచ్చింది. ఇంట్లో పూజగదిలో ఉన్న దేవుడికి అంకె కట్టడం చదివిన తెలుగువాడికి ముల్లులా గుచ్చుకుంటుంది. గ్రీకు దేవతలకు లేని ఆరాధకులు ఈ దేవతలకు కోట్లలో ఉన్నారన్న ఆలోచన ఆ పుస్తకం రాసినవారికి తట్టలేదు.

1975లోనే టీఎస్ఆర్ ప్రచురించిన ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్‌ది వేరే ధోరణి. దాని కర్త ఎం. ఏ. ఆర్. బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ, దక్షిణాసియా విషయాలు బోధించిన ఆచార్యుడు. ఆయన టెకుమెల్ లోకంలో భారతీయ, మాయా, ఈజిప్టు ఛాయలున్నాయి. యూరప్ కోటలు లేని తొలి ఆట లోకాల్లో అదొకటి. అదే మనిషి మారుపేరుతో నాజీలను కీర్తించే నవల రాశాడని 2022లో టెకుమెల్ ఫౌండేషన్ ఒప్పుకుంది. ఆయన లోకాన్ని ప్రేమించినవారికి ఇది మింగుడుపడని నిజం, దాచిపెట్టకూడని నిజం కూడా.

2022లోనే వచ్చిన జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్ అనే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంలో బెంగాల్‌కు చెందిన రచయిత్రి మిమి మండల్ రాసిన సాహసకథ ఉంది. ఆమె శంఖభూమి అనే నదీలోకాన్ని బెంగాల్ నదులు, అడవులు, జానపద కథల నుంచి అల్లారు. అధికారిక పుస్తకంలో మన వైపు నుంచి లోపలివారు రాసిన లోకం అలా వచ్చింది. తెలుగు లోకం ఇంకా రావాలి.

దానికి సరుకు కొదవలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాసిన కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడనే యతి శిష్యుడితో కాశీకి నడిచి వెళుతుంటాడు. ప్రతి మజిలీలో శిష్యుడికి ఏదో వింత కనబడుతుంది, దాని కథేమిటని అడుగుతాడు, గురువు చెబుతాడు. అడిగినదాన్ని బట్టి కథ పుట్టే ఈ పద్ధతి క్యాంపెయిన్‌కు నేరుగా సరిపోతుంది: ఒక మజిలీకి ఒక సెషన్. 1951 నాటి పాతాళభైరవి సినిమాకు మూలం ఆ కథల్లోదే. నేపాళ మాంత్రికుడు డీఎంకు దొరికే గొప్ప ప్రతినాయకుడు. సాహసవంతుడైన కుర్రాడు కావాలన్నదే అతని అవసరం కనుక ఆటగాళ్లను అతనే వెతుక్కుంటూ వస్తాడు. 1947లో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి సీరియళ్లు, వాటికి చిత్ర అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు ఇంకా సూటిగా పనికొస్తాయి. నలుగురు సాహసులు, ఎత్తైన శిఖరం, శిథిలాలయం, నమ్మదగని మాంత్రికుడు, వారం వారం ఆటలో కావలసినవన్నీ వాటిలో నెలనెలా వచ్చాయి.

అడిగితే చెప్పే కళ కోసం అష్టావధానం వైపు కూడా చూడవచ్చు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎటువైపు లాగినా అవధాని తడబడకుండా అక్కడికక్కడే పద్యం చెబుతాడు. అప్రస్తుత ప్రసంగి చిలిపి ప్రశ్నకు చమత్కారంగా బదులిచ్చి పద్యంలోకి తిరిగి వస్తాడు. తేడా ఒక్కటే: అవధానంలో ప్రతిభ అవధానిది, ఇక్కడ కథ అందరిదీ. మంచి డీఎం పృచ్ఛకుడి సమస్యను పూరించి ఊరుకోడు, పూరణలో సగం అడిగినవారికే వదిలేస్తాడు.

రాసుకోవడానికి చట్టపరమైన అడ్డు కూడా తొలగింది. 2000లో విజర్డ్స్ తన మూల నిబంధనలను ఓపెన్ గేమ్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చింది. ఆ పునాది మీదే 2009లో పైజో సంస్థ పాత్‌ఫైండర్ కట్టుకుంది. 2023 జనవరిలో ఆ లైసెన్సును వెనక్కి తీసుకునే ప్రయత్నం బయటపడగానే ఆటగాళ్లు పెద్దయెత్తున తిరగబడ్డారు. అదే నెలలో సంస్థ దిగివచ్చి అయిదో ఎడిషన్ మూల నిబంధనల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. మూలం పేర్కొంటే చాలు, ఎవరైనా దాన్ని మార్చవచ్చు, అనువదించవచ్చు, అమ్ముకోవచ్చు. ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలను సంస్థే తెచ్చింది. తెలుగు అనువాదానికి ఎవరినీ అనుమతి అడగనక్కరలేదు. బీహోల్డర్ వంటి కొన్ని జీవులను సంస్థ తనకే అట్టిపెట్టుకుంది గానీ, రాక్షసుడు ఆ పత్రంలో ఉన్నాడు. అతని పులితల తీసేసి మన తల పెట్టే హక్కు తెలుగులో రాసే ఎవరికైనా ఉంది.